కొత్త పేరు అడగవచ్చిన ఫుమియే

“గురువుగారూ, పాత పేరు తీసేస్తే పాత మచ్చ కూడా పోతుందా?” అన్నదే ఫుమియే మనసులోని ప్రశ్న. నోటికి వచ్చింది మాత్రం వేరు. “మా కంపెనీకి చల్లని కొత్త పేరొకటి పెట్టండి,” అంది.

ఆమె చిన్ననాటి నుంచీ బౌద్ధ మఠంలో సోకెన్ గురువుగారి దగ్గర ధ్యానం నేర్చుకున్న శిష్యురాలు. క్యోటోలో ఆఫీసు బల్లలూ కుర్చీలూ చేసే ఆ కంపెనీ ఆమె తాతగారిది. మూడు తరాలుగా ఆయన పేరు మీదే నడిచింది; ఇప్పుడు నడిపేది ఆమే. పోయిన ఏడాది వాళ్ల కుర్చీ ఒకటి విరిగి, అందులో కూర్చుని పనిచేసుకుంటున్న ఒకావిడ నడుము దెబ్బతింది. అప్పటినుంచీ తాతగారి పేరు వినగానే జనానికి ఆ కుర్చీయే గుర్తొస్తోంది. అందుకని బోర్డులన్నీ మార్చెయ్యాలని కంపెనీ పెద్దలు తీర్మానించారు.

గురువుగారు మారుమాట లేకుండా లేచారు. సిరా నూరారు, కుంచె తడిపారు. బుద్ధుడి ముందు అగరువత్తి వెలిగించి, కళ్లు మూసుకుని మంత్రం అందుకున్నారు. అది తాతగారు పోయిన రోజున ఫుమియే విన్న మంత్రం.

“పోయిందెవరమ్మా?” అన్నారాయన కళ్లు తెరిచి.

“అయ్యో, ఎవరూ పోలేదండీ!”

మనిషి పోతే మఠంలో కొత్త పేరు పెట్టడం అక్కడి ఆచారం.

“మరి కొత్త పేరంటివి కదా! మీ తాతకూ నేనే పెట్టాను. పాపం, ఆయన పోయాకే పేరు కోసం వచ్చాడు.”

ఫుమియేకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

“ఆ నడుము దెబ్బతిన్నావిడ ఎలా ఉంది?”

“కాస్త లేచి తిరుగుతున్నారటండీ.”

“పేరేమిటి ఆవిడది?”

ఫుమియే నోరు తెరిచింది. పేరు రాలేదు. లాయర్లు రాసిన కాగితాలన్నిటా ‘కుర్చీ వాడినవారు’ అనే ఉంది; చూసి సంతకాలు పెడుతూ వచ్చింది. కంపెనీ పేరు కోసం ఎందరినో కూర్చోబెట్టి, ఎన్నో రాయించి, నచ్చక చింపించింది. ఈ ఒక్క పేరు అడగాలని తోచనే లేదు. చెవులదాకా ఎర్రబడి, తల చాప మీదికి వంచేసింది.

“తెలీదండీ,” అంది, తనకే వినపడనంత మెల్లగా.

గురువుగారు కుంచె కడిగి పక్కన పెట్టారు. ఆమె లేచి, “కనుక్కుని రేపే వాళ్లింటికి వెళ్తానండీ,” అంటూ గుమ్మం దిగబోయింది.

“వెళ్లు తల్లీ,” అన్నారాయన. “ఆవిడ తలుపు తీసి ‘ఎవరండీ’ అంటే, ఏ పేరు చెబుతావు?”