గవ్వల్లంకలో రేవు దండం

అనగనగా ఒక మడ అడవి. ఆ అడవికి మూడు పక్కలా సముద్రం, నాలుగో పక్క గోదారి పాయ. చుట్టూ నీళ్ళే కాబట్టి అది అడవీ, లంకా కూడా. పేరు గవ్వల్లంక. పిల్లలూ, మా అమ్మమ్మ ఈ కథ మొదలుపెట్టే ముందు రెండు చేతులూ జోడించి గంగమ్మ తల్లిని తలచుకునేది. మీరూ ఒకసారి తలచుకోండి. ఆ, ఇక వినండి.

ఆ లంకలో నూకరాజు అనే నీటికుక్క ఉండేవాడు. నీటికుక్క అంటే మన వీధిలో తిరిగే కుక్క కాదు. ముంగిసలా పొడుగ్గా, నున్నగా ఉంటుంది. నీళ్ళలో చేపతో సమానంగా ఈదుతుంది. చలికాలం వచ్చిందంటే కొండల నుంచి, మెట్ట అడవుల నుంచి జంతువులు సముద్రం చూడటానికి గవ్వల్లంకకు వచ్చేవి. వాళ్ళను తెప్ప మీద కూర్చోబెట్టి, లంక చుట్టూ తిప్పి, వింతలు చూపించి, చేపలు పట్టించి, క్షేమంగా రేవుకు చేర్చడం నూకరాజు పని. వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు తమ ఊరి పళ్ళో, దుంపలో ఇచ్చి వెళ్ళేవారు. లంకలో అందరూ పంచుకుని తినేవారు.

ఆ పని నూకరాజు ఒక్కడివల్ల అయ్యేది కాదు. తాడు నోట కరచుకుని, నీళ్ళ అడుగునుంచి తెప్పను లాగేది తాబేలు పోలయ్య తాత. పైన ఎగురుతూ చేపల గుంపు ఎక్కడుందో, పోటు ఎప్పుడు వస్తుందో చూసి చెప్పేది నీటికాకి సత్తెమ్మ. పోటు అంటే సముద్రం పొంగి ఒడ్డు మీదికి ఎక్కి రావడం. ఇక బురదలో ఎక్కడ కాలు పెడితే దిగబడమో చూపించేది ఎర్రపీత గవరమ్మ.

అందుకే అక్కడ ఒక ఆచారం ఉండేది. దాన్ని రేవు దండం అనేవారు. తెప్ప కదిలే ముందు నూకరాజు దాని మీద నిలబడి ఒక్కొక్కరినే చూపించి పేరు చెప్పాలి.

"పైనుంచి మనల్ని కాచేది సత్తెమ్మ. సత్తెమ్మకు దండం. కిందనుంచి మనల్ని లాగేది పోలయ్య తాత. తాతకు దండం. నేల చూపించేది గవరమ్మ. గవరమ్మకు దండం. అందరినీ మోసేది గంగమ్మ తల్లి. ఆ తల్లికి దండం."

వచ్చినవాళ్ళంతా చేతులెత్తి దండం పెట్టేవారు. అప్పుడు తెప్ప కదిలేది. ఈ ఆచారం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. మర్యాద కోసం కాబోలు అనుకునేవారు.

ఒక చలికాలం జంగపిల్లులు వచ్చాయి. వాటికి మహా తొందర. నూకరాజు దండం మొదలుపెట్టేసరికి పెద్ద పిల్లి ఆవలించింది.

"ఈ పేర్లన్నీ మాకెందుకయ్యా? చేపలెక్కడున్నాయో అక్కడికి పోనీ."

వచ్చినవాళ్ళ మాట కాదనలేక నూకరాజు దండం మానేశాడు. తెప్ప కదిలింది. కడుపునిండా చేపలు దొరికాయి. దిగేటప్పుడు పెద్ద పిల్లి అంది, "ఒక్కడివే ఇంత పెద్ద తెప్పను నడిపావు. ఎంత బలమయ్యా నీది."

"అబ్బే, నేను కాదు" అనబోయాడు నూకరాజు. కానీ ఆ మాట చెవికి తియ్యగా తగిలింది. నవ్వి ఊరుకున్నాడు.

తరువాత కోతులు వచ్చాయి. వాటికి తొందరేమీ లేదు. అయినా నూకరాజే దండం కుదించేసి, గంగమ్మ తల్లి పేరొక్కటి చెప్పి తెప్ప కదిలించాడు. కోతులు తిరిగి వెళ్ళేటప్పుడు లంకంతా వినబడేలా అరిచాయి, "నూకరాజంత మొనగాడు ఏడు కొండల్లో లేడు" అని.

ఆ సాయంత్రం సత్తెమ్మ మడ కొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ అంది, "ఏమయ్యా మొనగాడా, ఇవాళ చేపల గుంపును కూడా నువ్వే పైకెగిరి చూసొచ్చావా?"

"ఊరికే అంటారు వాళ్ళు. నేనేమైనా అడిగానా?" అన్నాడు నూకరాజు.

"అడగలేదు. కాదనీ అనలేదు."

పోలయ్య తాత బురదలోంచి తల బయటపెట్టాడు. "పోనీలేవే సత్తెమ్మా. పేరు చెబితే తెప్ప తేలికవుతుందా, చెప్పకపోతే బరువెక్కుతుందా" అని మళ్ళీ తల లోపలికి లాక్కున్నాడు.

మూడోసారి కొండల నుంచి ఒక ఎలుగుబంటి వచ్చింది. పేరు కొండమ్మ. వీపు మీద దాని కూన బుల్లి. ఎలుగు తల్లులు పిల్లల్ని వీపు మీదే మోస్తాయి, తెలుసా? పిల్లలు అమ్మ జుట్టు పట్టుకుని వేలాడతారు. బుల్లికి మొన్న జబ్బు చేస్తే, "నువ్వు లేచి తిరిగావంటే నీకు సముద్రం చూపిస్తానే తల్లీ" అని కొండమ్మ మాటిచ్చింది. బుల్లి లేచింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎన్నో వాగులు దాటి వచ్చింది ఆ తల్లి.

"తమ్ముడూ, నీ పేరు కోతులు చెప్పాయి" అంది కొండమ్మ. "ఒక్కగానొక్క బిడ్డ. నిన్ను నమ్మి తెప్ప ఎక్కిస్తున్నాను."

"నేనున్నానుగా అక్కా" అన్నాడు నూకరాజు. ఈసారి గంగమ్మ పేరు కూడా మనసులోనే అనుకుని తెప్ప కదిలించాడు.

ఆ రోజు సముద్రం ఎంత చల్లగా చూసిందని. బుల్లి పగడం రంగు కొక్కెర కాళ్ళు చూసింది. నీళ్ళ పైకి ఎగిరి దూకే చేపలు చూసింది. తెప్ప అంచున బోర్లా పడుకుని పంజా విసిరి ఒక చిన్న వెండి చేపను తనే పట్టింది. "అమ్మా, నేను పట్టాను, నేనే పట్టాను" అంటూ తెప్పంతా దొర్లింది. కొండమ్మ కళ్ళు తుడుచుకుంది.

గోదారి సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అక్కడ పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు ఒక ఇసుక మేట బయటపడుతుంది. దాని నిండా గవ్వలే. నూకరాజు వాళ్ళను అక్కడ దింపాడు.

"మీరు గవ్వలేరుకుంటూ ఉండండి. బుల్లి ఎప్పుడూ చూడనంత పెద్ద పండుగప్పను తెస్తాను" అని మేట అవతలకి ఈదుకుంటూ వెళ్ళాడు. అంత పెద్ద చేపను చూస్తే కొండమ్మ కొండల్లో తన గురించి ఏం చెబుతుందో అనుకుంటే అతనికి ఒళ్ళు పులకరించింది. ఆ ఊపులో చాలా దూరం పోయాడు.

ఇంతలో తూర్పుగాలి లేచింది. ఆ గాలికి పోటు ముందే వచ్చేసింది.

ముందు చూసింది సత్తెమ్మ. రివ్వున కిందికి దిగి, "కొండమ్మక్కా, పోటు వస్తోంది. బిడ్డను తీసుకుని తెప్ప ఎక్కు" అని అరిచింది.

కొండమ్మ తలెత్తి చూసింది. "నువ్వెవరివే? మా కొండల్లో కాకి అరిచిందంటే మా తిండి మీద దాని కన్ను పడ్డట్టే. బిడ్డ పట్టుకున్న చేప కోసం వచ్చావు కదూ? పో."

తరువాత గవరమ్మ ఇసుక బొరియలోంచి పరుగున వచ్చింది. "అమ్మా, నా ఇంట్లోకి నీళ్ళొచ్చేశాయి. తొందరగా కదులు తల్లీ."

"తిన్నగా నడవడం రాదు గానీ నాకు దారి చెబుతోంది" అంది కొండమ్మ. "నూకరాజు వచ్చేదాకా నేను కదలను. నేను నమ్మింది అతన్ని."

పిల్లలూ, కొండమ్మను తప్పుపట్టకండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పిలిస్తే వెళ్ళొద్దని మీకు నేను చెప్పనూ? ఆవిడా అదే చేసింది.

నీళ్ళు మేటను నాలుగు వైపుల నుంచీ కొరుకుతున్నాయి. పోలయ్య తాత తెప్పను లాక్కుంటూ మేట అంచుదాకా వచ్చి నీళ్ళలోంచి తల పైకెత్తాడు. ముసలి తల, ముడతల మెడ, నోట్లో తాడు. "ఎక్కమ్మా" అని నోరారా అనడానికి లేదు. నోరు తెరిస్తే తాడు జారిపోతుంది. బుల్లి ఆ తలను చూసి కెవ్వుమంది. కొండమ్మ బిడ్డను వెనక్కి నెట్టి పంజా ఎత్తి ఒక్కటి వేసింది.

తాత నీళ్ళలో మునిగిపోయాడు. తాడు మాత్రం వదల్లేదు.

నూకరాజు పెద్ద పండుగప్పను పట్టుకుని వచ్చేసరికి మేటంతా మునిగిపోయింది. దాని మీద కొండమ్మ నడుములోతు నీళ్ళలో నిలబడి ఉంది. బుల్లి అమ్మ తల మీదికి పాకి జుట్టు పట్టుకుని ఏడుస్తోంది. చేపను ఎక్కడ వదిలేశాడో అతనికే తెలియదు.

"అక్కా, తెప్ప ఎక్కు. ముందు ఎక్కు."

అతని గొంతు విని కొండమ్మ తెప్ప మీద పడింది. వెనకే గవరమ్మా పాకి ఎక్కింది. మొగలో సుడి తిరుగుతోంది. నూకరాజు తాడు పట్టుకుని తన బలమంతా పెట్టి లాగాడు. తెప్ప జానెడు కదల్లేదు. అప్పుడే ఊపిరి కోసం పోలయ్య తాత తల పైకి తేలింది. నుదుటి మీద గాయం.

"అదిగో మళ్ళీ వచ్చింది" అని కొండమ్మ పంజా ఎత్తింది.

నిజం చెబితే కోతులు వేసిన గొప్పలన్నీ నీళ్ళ పాలు. చెప్పకపోతే తాత తల పగులుతుంది, తెప్ప సుడిలో పోతుంది, తల్లీబిడ్డా పోతారు. అతను తాత తలకీ పంజాకీ మధ్యకు దూకాడు.

"కొట్టకక్కా. ఆయన మా పోలయ్య తాత. పొద్దున్నుంచి మిమ్మల్ని లాగుతున్నది ఆయనే. నేను కాదు."

కొండమ్మ పంజా గాలిలోనే ఆగింది. "నువ్వే లాగుతున్నావన్నావుగా?"

"అనలేదు. మీరు అనుకుంటుంటే ఊరుకున్నాను. అదీ అన్నట్టే. పైన ఉన్నది సత్తెమ్మ, సుడి లేని దారి ఆమెకే తెలుసు. తెప్ప మీద నీ కాలి దగ్గర ఉన్నది గవరమ్మ, రేవులో నేల ఆమెకే తెలుసు. ఇక వాళ్ళు ఎలా చెబితే అలా చెయ్యి. నా మాట కన్నా వాళ్ళ మాట విను."

కొండమ్మ పంజా దించింది. బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, "అమ్మా సత్తెమ్మా, చెప్పు తల్లీ. ఎటు?" అంది.

"ఎడమకు" అంది సత్తెమ్మ. "బరువంతా ఎడమకు వెయ్యి. తాతా, మడ చెట్ల నీడలోకి లాగు. నూకరాజూ, వెనకనుంచి తొయ్యి. చూస్తూ నిలబడకు."

తాత లాగాడు. నూకరాజు తోశాడు. సుడి తెప్ప అంచును ఒకసారి పట్టి గుంజి, వదిలేసింది. పాయలోకి వచ్చాక నీళ్ళు కుదుటపడ్డాయి. రేవులో బురద మోకాలి లోతు. గవరమ్మ ముందు గబగబా పక్కకు పక్కకు పరిగెత్తి, "ఇక్కడ, ఇప్పుడు ఇక్కడ" అంటుంటే, కొండమ్మ ఆ అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ గట్టెక్కింది.

ఎక్కగానే కూలబడింది. బుల్లి గుండె మీద చెవి పెట్టి విన్నది. టకటకా కొట్టుకుంటోంది. "అమ్మా గంగమ్మా" అని నేలకు తల ఆన్చింది.

నూకరాజు తాత దగ్గరికి వెళ్ళి తలవంచి నిలబడ్డాడు. "తాతా, పేరు చెబితే తెప్ప తేలికవదన్నావు. చూశావా, వీళ్ళ ప్రాణాల మీదికొచ్చింది."

"నేనూ తెలివి తక్కువగానే అన్నాన్రా" అన్నాడు తాత. "మన పెద్దలు ఆ పేర్లు చెప్పించింది మన గొప్ప కోసం కాదు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఎవరు తమవాళ్ళో తెలియాలని. ఇన్నేళ్ళు దండాలు పెట్టించుకున్నాను గానీ నాకూ ఇవాళే తెలిసింది."

"రేపటినుంచి నా పేరు కాస్త గట్టిగా చెప్పు" అంది సత్తెమ్మ కొమ్మ మీదనుంచి. "కాకి అంటే దొంగ అనుకునే ఊళ్ళు చాలా ఉన్నాయి."

కొండమ్మ లేచి తాత దగ్గరికి వచ్చింది. అతని నుదుటి గాయం చూసింది. బుల్లికి దెబ్బ తగిలితే ఎలా చేస్తుందో అలాగే వంగి, ఆ ముడతల నుదుటిని నాలుకతో మెల్లగా తుడిచింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

తాబేలుకు అమ్మ పెంపకం ఉండదు పిల్లలూ. గుడ్డులోంచి రాగానే ఒంటరిగా నీళ్ళ దారి పడుతుంది. అంత వయసు వచ్చినా పోలయ్య తాత నుదుటిని ఎవరూ అలా నిమరలేదు.

"నొప్పిగా ఉందా తాతా?" అంది కొండమ్మ.

"లేదమ్మా" అని కళ్ళు మూసుకున్నాడు తాత. "ఇంకాసేపు తుడువు."

నీతి: మన పనిలో చెయ్యి కలిపినవాళ్ళ పేర్లు పదిమందికీ చెప్పాలి. అది వాళ్ళ పట్ల కృతజ్ఞతే కాదు, మనల్ని నమ్ముకున్నవాళ్ళకు ఆపదలో ఆసరా కూడా.