దళపతి అడిగిన కొండసంచి

అబ్బో, బుడ్డయ్య కుట్టిన కొండసంచి అంటే మాటలా! కొండలెక్కేవాళ్లు బరువులు వేసి వీపున తగిలించుకునే ఆ సంచి ఎంత తేలికంటే, పైన రాయి పెట్టకపోతే గాలికి ఎగిరిపోయేది. ఒక్కడే కుట్టేవాడు గనుక ఎవరైనా ఏడాది ఆగాల్సిందే. అలా ఆగుతూనే మూటలు మోసే సింగడు కనుమలో బరువుకు కూలి చనిపోయాడు. మూడో రోజుకు అతని సంచి తయారైంది. దళపతి మూటలు మోసే అతని తమ్ముడు లచ్చడైనా బతకాలని బుడ్డయ్య దాన్ని వాడి కోసం దాచాడు.

ఇంతలో దళపతి దిగాడు. "ఆ సంచి నాకివ్వరా!"

"చిత్తం దొరా. మోసేవాడి వీపున సరిచూసే ఇవ్వడం మా ఆనవాయితీ. తమరి మూట ఎత్తుకోండి."

"నేను మూట మోయడమా! నాకు లచ్చడున్నాడు."

"అయితే లచ్చడి వీపుకే ఇస్తాను దొరా."

"ఇయ్యి!" అని దళపతి గెలిచినట్టే మీసం దువ్వుకుంటూ వెళ్లాడు.

లచ్చడు సంచి తగిలించుకున్నాడు. పట్టీ సవరించే పనే పడలేదు.

"అన్న కొలతే సరిపోయింది మావా," అన్నాడు.

బుడ్డయ్య తలెత్తలేకపోయాడు.