పెద్దయ్య నిలబడ్డ చోటు

ఇప్పపూలు రాలి అడవంతా మత్తువాసన కొట్టే రోజుల్లో, రెల్లు మడుగు ఒడ్డున దుప్పి పెద్దయ్య వర్ధంతి జరుగుతుంది. ఎండలు ముదిరితే అడవికంతా మిగిలేది ఆ ఒక్క మడుగే. "దప్పికైన ప్రతి నోటికీ ఇందులో వాటా ఉంది" అని బలమున్న వాళ్ళ ముఖంమీదే చెప్పిన పెద్ద ఆయన. చెప్పినందుకు ఒక సాయంత్రం, నీళ్ళకని తల వంచినప్పుడు, రెల్లులోంచి చిరుత దూకి మెడ కొరికేసింది.

ఆ సాయంత్రం రెల్లు కదలడం చూసి అరిచింది ఒక్క తీతువు పిట్ట. గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టుకునే జాతి, దాని కళ్ళెప్పుడూ కాపలాలోనే ఉంటాయి. కానీ తీతువు కూస్తే చావు కబురని లోకం ఎప్పుడో తీర్పు చెప్పేసింది. "ఆ పాడునోరు అరిచింది, పెద్దయ్య పోయాడు" అని నక్క జంబయ్య ఏడుస్తూ అందుకున్నాడు. దుఃఖంలో ఉన్న మంద వెళ్ళి తీతువు గూడు తొక్కేసింది. తొక్కుడు తప్పిన ఒకే ఒక్క గుడ్డులోంచి కెంపి పుట్టింది. తల్లి ఆ దిగులుతోనే పోయింది.

అప్పట్నుంచి వర్ధంతి పెత్తనం జంబయ్యదే. ఏటా ఒక లేత పిల్లను ఎంచి, పెద్దయ్య నిలబడ్డ చోటే నిలబెట్టి తల వంచమంటాడు. మిగతా జంతువులు దూరంగా జరిగి, కళ్ళు మూసుకుని మౌనం పాటించాలి. తను బండెక్కి "జోహార్" అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు. తెరిచేసరికి ఆ పిల్ల ఉండదు.

"పెద్దయ్యే పిలుచుకున్నాడు. ఎంత పెట్టి పుట్టిందో" అంటాడు జంబయ్య, కళ్ళు తుడుచుకుంటూ. అవతలి ఒడ్డు నుంచి కెంపి గొంతు చించుకునేది. అది అరవబట్టే పిల్ల పోయిందని మంద రాళ్ళు తన్నేది.

ఈ ఏడు గౌరవం పెద్దయ్య మనవరాలికి దక్కింది. పొద్దున్నే కెంపి వెళ్ళి, పెద్దయ్య భార్య దుప్పమ్మ ఎదుట వాలింది.

"అవ్వా, నీ మనవరాల్ని పంపకు."

"పోవే, అపశకునమా. నువ్వు అరిచిన ప్రతిసారీ ఒక ప్రాణం పోయింది."

"నేను అరిస్తే చావొచ్చిందా, చావొస్తుంటే నేను అరిచానా? ఏది ముందో ఒక్కసారి ఆలోచించు."

దుప్పమ్మ నమలడం ఆపింది. మనవరాల్ని పొట్టకిందికి లాక్కుంది.

ఆలోచించేవాళ్ళ కోసం కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని కెంపికి తెలుసు. అరిచి చెప్తే వినని వాళ్ళకు అరవకుండా చెప్పాలనుకుంది. సాయంత్రం తిన్నగా సభ మధ్యలో వచ్చి వాలింది.

"ఎవరు రానిచ్చారు దీన్ని?" అన్నాడు జంబయ్య.

"తప్పు ఒప్పుకోవడానికొచ్చాను, జంబయ్య బాబాయ్. మా వంశం నోరు చెడ్డదే. ఈ పూట ఏం చూసినా నోరు విప్పను. మా అమ్మ మీద ఒట్టు."

మందలో గుసగుసలు లేచాయి. జంబయ్య మీసాలు తృప్తిగా కదిలాయి. "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది, అమ్మడూ."

"ఒక్క కోరిక. పెద్దయ్య కోసం బాబాయ్ ఏడ్చినంత ఇంకెవరు ఏడ్చారు? ఆ చోట తల వంచే గౌరవం ఒక్కసారైనా ఆయనకు ఇవ్వరా?"

"నిజమే" అన్నాడు అడవిపంది, మందలో అందరికీ మామ. "ఏటా పిల్లకాయలకేనా? పెద్దమనిషికీ ఓ ముద్ద పెట్టాలిగా."

"అబ్బే, నాకంత అర్హత ఎక్కడిది, మామా?"

"అర్హత లేకే ఏటా మా చెవులు చిల్లులు పడేదాకా ఉపన్యాసమిస్తున్నావా?"

మంద నవ్వింది. దుప్పమ్మ మాత్రం నవ్వకుండా ముందుకొచ్చింది. "నా పెనిమిటి నిలబడ్డ చోటు అది. నా మనవరాలికంటే నువ్వే తగుదువు, జంబయ్యా. వద్దంటే ఎందుకు వద్దో చెప్పు."

జంబయ్య దగ్గరున్న కారణం పైకి చెప్పుకునేది కాదు. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి నిలబడి, సగం తల వంచాడు. మంద కళ్ళు మూసుకుంది.

కెంపి మూసుకోలేదు. రెల్లు ఒకచోట గాలికి ఎదురుగా కదిలింది. తల్లి ఇచ్చిన కూత గొంతులోకి ఎగదన్నింది. రెక్కలు బిగించి మింగేసింది. పుట్టాక తను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. ఆ రుచి చచ్చేదాకా నాలుక మీదే ఉండిపోయింది.

మౌనం చెడగొట్టింది జంబయ్యే. "ఆగు, నేనురా, జంబయ్యని. నీకు తెచ్చిన దుప్పిపిల్ల అటుంది, అటు పట్టుకో..."

మంద మొత్తం కళ్ళు తెరిచింది.

"మాట మార్చకు, జంబయ్యా" అంది చిరుత, రెల్లులోంచి నింపాదిగా వస్తూ. "పెద్దయ్యను ఇచ్చిన నాడే అనుకున్నాం కదా, ఆ చోట తల వంచిందల్లా నాదేనని."

ఆ తర్వాత వినబడింది మాటలు కావు. చిరుత తన వాటా తీసుకుని రెల్లులోకి పోయింది. ఒడ్డున బురద చాలాసేపు ఎర్రగా ఉంది.

పంది మామ కెంపి వైపు తిరిగాడు. "అన్నీ చూస్తూ ఉన్నావు. ఒక్క కూత కూయలేకపోయావా, పిల్లా?"

"వద్దన్నది మీరే కదా, మామా."

ఎవరూ తలెత్తలేదు. దుప్పమ్మ నడుచుకుంటూ అవతలి గులకరాళ్ళ దాకా వెళ్ళి, ఒకప్పుడు తను తొక్కిన చోట మోకాళ్ళమీద కూలబడింది. కెంపి ఆమె దగ్గరికి వెళ్ళలేదు. క్షమించాననీ అనలేదు.

మరుసటి ఏడు ఇప్పపూలు రాలినప్పుడు రెల్లు మడుగు దగ్గర మౌనం లేదు. ఎదురు బండమీద కెంపి కాపలా ఉంది. అది కూసిన ప్రతిసారీ అడవంతా తలెత్తి చూసింది.

చావొస్తోందని చెప్పిన నోటిని మూయించేవాడికి, ఆ చావుతో చుట్టరికం ఉండే ఉంటుంది.