మూడు బంట్ల ఎర

అనగనగా మణిగిరి రాజుకు ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. కూతురి పేరు కాంతిమతి. ఏడు సముద్రాల అవతల ధూమకేశుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడి ప్రాణం ఏ చిలకలోనో ఉందనుకునేరు, కాదు. చదరంగం బల్ల మీది నల్లరాజు బొమ్మలో ఉంది. ఆటకట్టయితే వాడు చస్తాడు. వాడితో ఆడి ఓడినవాళ్లు మాత్రం బొమ్మలైపోయి తెల్లదళంలో చేరాలి. వాణ్ణి ఓడించి వస్తానని పెద్దన్న వెళ్లాడు, రాలేదు. నడిపన్న వెళ్లాడు, రాలేదు. చిన్నన్న వెళ్లాడు, అతనూ రాలేదు.

కాంతిమతి ఓడ సిద్ధం చేయించింది.

"ఆడపిల్లవు, నీకెందుకమ్మా?" అన్నాడు రాజు.

"మగపిల్లలు ముగ్గురూ అయిపోయారు కదా నాన్నగారూ" అని ఓడెక్కేసింది.

సముద్రాలు దాటి, బల్ల ముందు కూర్చుందో లేదో, తెల్లగుర్రం బొమ్మ గుసగుసలాడింది. "ఆ పక్కపక్కనున్న మూడు బంట్లూ మీ అన్నలే. ఒక్క బంటూ పోకూడదని ముడుచుకు కూర్చుని ఓడిపోయారు. నేనూ అంతే. తిన్న బంటుకల్లా వాడికి నూరేళ్ల ఆయుష్షు పెరుగుతుంది. నువ్వు ఓడితే, వాడు తిన్నవాళ్లు ఇక లేనట్టే."

"గెలిస్తే?"

"అందరం లేస్తాం."

కాంతిమతి ఆలోచించింది. వీడికి ఆకలెక్కువ. వీడు తింటున్నంతసేపూ వీడి సేన నిద్రపోతూనే ఉంటుంది.

పెద్దన్నను ముందుకు తోసింది. నల్లబంటు వచ్చి తినేసింది. నడిపన్నను తోసింది. అదే బంటు అతన్నీ తినేసింది. చిన్నన్న బిక్కమొహం వేశాడు.

"చెల్లాయ్, నన్ను కూడానా?"

ఆమె అతన్ని కాపాడలేదు. ఆ ఎత్తులో, ఏటవాలుగా నడిచే శకటాన్ని బయటికి తీసింది. నల్లబంటు చిన్నన్ననూ మింగేసింది.

ధూమకేశుడు మీసాలు తుడుచుకున్నాడు. "పిల్లా, నీకు అసలు ఆట వచ్చా? ఊరికే మూడొందల ఏళ్లిచ్చావు."

"తినండి తాతగారూ, తొందరేం లేదు" అంటూ రెండో శకటంతో ఆ తిండిపోతు బంటును పడగొట్టింది.

అప్పుడు చూసుకున్నాడు వాడు. తన ఏనుగులూ గుర్రాలూ బారులు తీరిన చోటనే ఉన్నాయి. ఆమె శకటాలు రెండూ రెండు వైపుల నుంచి తన రాజు మీదికే గురిపెట్టి ఉన్నాయి. ఒక శకటం రాజు పక్క బంటును కొట్టింది. నల్లరాజు ఆశపడి ఆ శకటాన్నీ తిని బయటికొచ్చాడు. తెల్లగుర్రం దూకింది, వెనకాలే మంత్రి కదిలాడు. పారిపోదామంటే రాజు చుట్టూ సొంత బలగమే అడ్డం.

"ఆటకట్టు తాతగారూ."

మూడొందల ఏళ్లు మింగినవాడు ముక్కుపొడుం పీల్చినంతసేపైనా బతకలేదు.

అన్నలు లేచారు. గుర్రం లేచి ఇంద్రదత్తుడనే రాకుమారుడైంది.

"మమ్మల్ని ఎరవేశావే" అన్నాడు చిన్నన్న.

"వేశాను. దాచుకుని ఉంటే నలుగురం ఇక్కడే ఉండేవాళ్లం."

అన్నలు ఒక్కమాట మీద సింహాసనం ఆమెకే ఇచ్చారు. ఇంద్రదత్తుణ్ణి పెళ్లాడి కాంతిమతి మణిగిరిని చాలాకాలం చల్లగా ఏలింది. చిన్నన్న మాత్రం ఆమెతో చదరంగానికి మళ్లీ కూర్చోలేదు.