తవుడు లేని డబ్బా చప్పుడు

ఎర్రగుట్ట కింద గంగులప్ప మేకల దొడ్డి ఉంది. చుట్టూ ముళ్ళకంచె, లోపల పొడవాటి రాతి తొట్టి, ఓ మూల ముసలి ఎద్దు కొట్టం. పొద్దు వాలగానే గంగులప్ప పాత నూనె డబ్బాలో గుప్పెడు మొక్కజొన్న గింజలు వేసి గలగలా ఊపుతూ "ట్రుర్ర్... హోయ్!" అని కేకేస్తాడు. గుట్ట మీద ఎక్కడెక్కడో మేస్తున్న మేకలన్నీ ఒక్క పరుగున దిగివస్తాయి. తొట్టిలో తవుడు సిద్ధంగా ఉంటుంది. ఏళ్ళుగా ఇదే వరస కావడంతో, డబ్బా మోగితే చాలు, తవుడు కంటపడక ముందే మేకల నోళ్ళలో నీళ్ళూరేవి.

వాగు పొదల్లోంచి ఇదంతా గమనించిన నక్కకు ఒక సంగతి బాగా అర్థమైంది. మేకలు వస్తున్నది తవుడు కోసం కాదు, చప్పుడు కోసం!

ఎక్కడో చెత్తలో తీగ పిడి ఉన్న డబ్బా ఒకటి దొరికింది. దాంట్లో గులకరాళ్ళు వేసుకుంది. మధ్యాహ్నం గంగులప్ప తుమ్మచెట్టు నీడలో కునుకు తీస్తున్నప్పుడు, వాగు మలుపులో దాక్కుని, తీగ నోట కరిచి నాలుగు ఊపులు ఊపింది. మంద మొత్తం వాగులోకి దూకింది. నక్క కదలకుండా కూర్చుని, అందరికన్నా వెనక వచ్చిన పిల్లను పట్టుకుపోయింది. అది మంద పెద్ద కర్రి మేక మనవడు.

ఆ సాయంత్రం దొడ్డిలో ఎవరూ తొట్టి దగ్గరికి సరిగా వెళ్ళలేదు.

"ఏడ్చి ఏం లాభం? మోసం తెలిసిపోయిందిగా," అంది మేకపోతు గడ్డం ఊపుతూ. "రేపట్నుంచి మధ్యాహ్నం డబ్బా మోగితే ఒక్కరూ కదలొద్దు. మాట ఇవ్వండి."

అందరూ మాట ఇచ్చారు. మర్నాడు మధ్యాహ్నం డబ్బా మోగింది. అందరికన్నా ముందు పరుగెత్తింది మేకపోతే.

ఆ పూట నక్కకు చిక్కబోయింది పుల్లి మేక పిల్ల. పుల్లి ఈ ఏడే తల్లయిన పడుచు మేక. పిల్ల పేరు చిట్టి. ఎలాగో నక్క పళ్ళ నుంచి జారి బయటపడింది గానీ, వెనక కాలు దెబ్బతింది. కుంటుకుంటూ దొడ్డి చేరేసరికి పుల్లి ఎదురొచ్చి దాని కాలు నాకింది.

"మామా, నువ్వే కదా కదలొద్దన్నావు?" అంది మేకపోతును నిలదీస్తూ.

"నేనన్నాను. కాళ్ళు వినలేదు," అంది మేకపోతు తల దించుకుని. "నువ్వూ పరుగెత్తావుగా?"

నిజమే, పుల్లీ పరుగెత్తింది. అది నక్క అని తెలుసు, వెనక చిట్టి ఉందని తెలుసు. అయినా నోట్లో నీళ్ళూరాయి, కాళ్ళు లేచాయి. కాలేజీ మనస్తత్వశాస్త్రం పుస్తకంలో దీనికి 'నిబంధనం' అని గంభీరమైన పేరుంది. దొడ్డిలో మాత్రం డబ్బా జబ్బు అన్నారు.

ఇప్పుడు చిట్టి కుంటి. ఈసారి డబ్బా మోగితే అందరికన్నా వెనకబడేది అదే. ఆ లెక్క పుల్లికి ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో దాడితో గంగులప్పకూ భయం పట్టుకుంది. మందను దొడ్డిలోనే కట్టడి చేసి, పొద్దున్నే పోయి తుమ్మకొమ్మలు కొట్టుకొచ్చి వేయడం మొదలుపెట్టాడు. కానీ దగ్గర్లో ఉన్న చెట్లు ఎన్నాళ్ళు సరిపోతాయి? అవి అయిపోగానే మళ్ళీ గుట్టకు తోలక తప్పదు. ఈలోగా జబ్బు కుదరాలి.

పుల్లి ఎద్దు కొట్టం దగ్గరికి వెళ్ళింది.

"తాతా, తెలిసీ ఎందుకు పరుగెత్తుతున్నాం?"

ఎద్దు నెమరు ఆపింది. "నా జోడు ఎద్దు చచ్చిపోయాక కూడా, కొట్టంలో వేలాడదీసిన వాడి మెడగంట గాలికి మోగితే చాలు, వాడికి చోటిస్తూ పక్కకు జరిగేవాణ్ణే. వాడు లేడని నాకు తెలియదా? తెలుసు. తెలిసింది తలకి తల్లీ, ఒంటికి కాదు."

"మరి ఆ అలవాటు ఎలా పోయింది?"

"గంట మోగడం, వాడు రాకపోవడం. మోగడం, రాకపోవడం. అలా జరగ్గా జరగ్గా ఒంటికీ తెలిసింది."

పుల్లి కళ్ళు మెరిశాయి. గంగులప్ప డబ్బా వేలాడేది ఎద్దు కొట్టం గుంజకే. అడుగున నాలుగు గింజలు ఎప్పుడూ ఉంటాయి.

"తాతా, నీ కొమ్ముతో దాన్ని కదపగలవా?"

మర్నాడు గంగులప్ప కొమ్మల కోసం వెళ్ళగానే ఎద్దు కొమ్ము విసిరింది. గలగలగల! మంద మొత్తం తొట్టి మీద పడింది. తొట్టి ఖాళీ.

"ఏందే పుల్లీ, ఎగతాళా?" అంది మేకపోతు.

"ఎగతాళి కాదు మామా, మందు. తాతా, ఇంకోసారి."

మళ్ళీ గలగల. మళ్ళీ పరుగు. మళ్ళీ ఖాళీ. ఆ పూటంతా అదే పని. తగ్గుతుందనుకుంటే పెరిగింది. తవుడు రాకపోయేసరికి మేకలు రెచ్చిపోయాయి. తొట్టిని కుమ్మాయి, అరిచాయి, ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి.

"నీ మందుకో దండం! ఉన్న జబ్బు ముదురుతోంది," అని కసిరింది కర్రి.

"అత్తా, కుమ్మనీ. ఎంత కుమ్మినా రాదని తెలిసేదాకా కుమ్మనీ," అంది పుల్లి. దాని గొంతులో బతిమాలడం లేదు.

తర్వాతి పూట సగం మందే లేచింది. ఆ తర్వాత సగంలో సగం. సాయంత్రం మాత్రం గంగులప్ప డబ్బాతో పాటు తన కేక వేశాడు, తవుడు పోశాడు. పుల్లి అందరికీ చెప్పింది: "విన్నారా? కేక ఉంటే తవుడు. ఒట్టి డబ్బా అయితే ఏమీ లేదు. చెవులు అక్కడ పెట్టండి."

అంతా బాగానే సాగుతోందనగా కర్రి కొంప ముంచింది. ఒట్టి చప్పుడుకి పిల్లలు తొట్టి నాకుతూ ఏడుస్తుంటే ముసలిదాని మనసు కరిగింది. ఎద్దు గంపలో మిగిలిన కాస్త తవుడు మూతితో తోసి తొట్టిలో పడేసింది.

అంతే. పడుకున్న మేకలు కూడా లేచొచ్చాయి. ఆ రోజంతా ఎద్దు కొమ్ము కదిలితే చాలు, మంద మొత్తం తొట్టి దగ్గరే. ఇంతకు ముందైనా కాసేపటికి విసిగి పడుకునేవి. ఇప్పుడు ఎవరికీ విసుగు రావడం లేదు.

"ఒక్కసారే కదమ్మా వేశాను!" అంది కర్రి బిక్కమొహంతో.

"ఆ ఒక్కసారే అత్తా! ఎప్పుడూ రాకపోతే ఆశ చస్తుంది. ఎప్పుడో ఒకసారి వస్తే చావనే చావదు. 'ఈసారి వస్తుందేమో' అని ప్రతిసారీ లేస్తారు." పుల్లి ఒక్క క్షణం చిట్టి కాలు వైపు చూసింది. "సరే. మొదట్నుంచి. తాతా, ఊపు."

"మెడ పడిపోతోంది తల్లీ."

"నా బిడ్డ పోకూడదు తాతా."

ఎద్దు ఊపింది. ఆ పూటా, మర్నాడూ, ఆ మర్నాడూ. గంప మీద కర్రి స్వయంగా పడుకుని కాపలా కాసింది. చివరికి ఒక పొద్దున డబ్బా మోగితే ఒక్క చెవి కూడా నిక్కలేదు. మేకపోతు నెమరు వేస్తూనే అంది, "ఎద్దుకి దోమలు కుడుతున్నట్టున్నాయి."

అందరూ నవ్వారు. పుల్లి నవ్వలేదు.

"ఇంకో మాట. గుట్ట మీద, వాగు పక్కన చప్పుడు వింటే పాత జబ్బు మళ్ళీ ఓసారి తలెత్తొచ్చు. నోట్లో నీళ్ళూరితే ఊరనీ. నోటిని తిట్టుకోవద్దు, కాళ్ళని కదపొద్దు. అలా కాసేపు ఆగితే చాలు, మిగతా పని ఆ నక్కగాడే చేస్తాడు."

"వాడెందుకు చేస్తాడు?"

"మనకున్న జబ్బే వాడికీ ఉంది మామా. డబ్బా మోగితే తవుడని మనం నేర్చుకున్నాం. డబ్బా ఊపితే మాంసమని వాడు నేర్చుకున్నాడు. మాంసం రాకపోతే వాడేం చేస్తాడు? నువ్వు తొట్టిని ఏం చేశావో గుర్తులేదూ?"

మేకపోతు తొట్టిని కుమ్మిన నుదురును ముందుకాలితో తడుముకుంది. అది ఇంకా నొప్పిగానే ఉంది.

దగ్గరి కొమ్మలు అయిపోయాయి. గంగులప్ప మందను గుట్టకు తోలాడు. మధ్యాహ్నం తుమ్మ నీడలో తలపాగా మొహాన కప్పుకుని పడుకున్నాడు. పక్కనే, నక్క భయంతో ఈసారి వెంట తెచ్చుకున్న కుక్క కూడా కునుకు తీస్తోంది.

వాగు మలుపులో డబ్బా మోగింది.

మంద చెవులన్నీ ఒక్కసారిగా లేచాయి. పుల్లి చెప్పినట్టే నోళ్ళలో నీళ్ళూరాయి. మేకపోతు ముందుకాలు ఒకటి గాల్లోకి లేచింది.

"మామా, కాలు దించు."

కాలు దిగింది. చిట్టి తల్లి పొట్ట కిందికి దూరింది. ఎవరూ కదల్లేదు.

పొదలో నక్క ఆశ్చర్యపోయింది. ఇంకాస్త గట్టిగా ఊపింది. రాలేదు. పోయినసారి వచ్చారే! అంతకు ముందూ వచ్చారే! పళ్ళు జివ్వుమనేలా ఊపింది. తీగ కరిచి కరిచి దవడ నొప్పి పుట్టింది. దాంతో తీగలో మెడ దూర్చేసి, ఒళ్ళంతా కుదిపేస్తూ పొదలోంచి ఇవతలికి వచ్చింది.

"రండమ్మా రండి! మంచి తవుడు, వేరుశనగ చెక్క కూడా కలిపించాను! కర్రి అక్కా, ఏంటలా చూస్తావు? పుల్లమ్మా, పిల్లకి కాలు బాలేదటగా, ఇటు తీసుకురా, చూస్తాను!"

"మా కేకేది బావా?" అంది పుల్లి.

"కేకేంటి? డబ్బా వినపడ్డం లేదూ?"

"వినపడుతోంది. ఇంకాస్త గట్టిగా ఊపు. తుమ్మచెట్టు కింద ఉన్నవాళ్ళకి సరిగా వినపడలేదు."

నక్కకు మాట అర్థమైంది. ఆపాలనుకుంది. కానీ ఇంకొక్క ఊపుకి వస్తారేమోనని అనిపించింది. ఊపింది. ఇంకొక్కటి. ఊపింది.

తలపాగా కదిలింది. "పట్టపగలు నా డబ్బా ఎవడ్రా ఊపేది?" అంటూ గంగులప్ప కర్రతో లేచాడు. కుక్క అప్పటికే వాగు దిగింది. నక్క పారిపోబోయింది గానీ మెడలో తీగ ఊడిరాలేదు. పొదలో దూరినా గలగల, రాళ్ళ చాటున నక్కినా గలగల. చప్పుడు వెంబడే కుక్క. గుట్ట దాటేసరికి తోకలో సగం బొచ్చు కుక్క నోట్లో ఉండిపోయింది.

నక్క బతికే ఉంది. డబ్బా ఇంకా మెడలోనే ఉంది. అది వేటకు బయల్దేరితే ఎలుకలు కూడా ముందే తప్పుకుంటాయి. అప్పుడప్పుడు గుట్ట అవతల గలగల వినిపిస్తే చిట్టి తల ఎత్తుతుంది.

"అమ్మా, డబ్బా."

"ఒట్టి డబ్బానే. మెయ్యి," అంటుంది పుల్లి.

నీతి: అలవాటు తెలుసుకున్నంత మాత్రాన చావదు, దాని మేత ఆపాలి, మధ్యలో జాలిపడి ఒక్క పిడికెడు కూడా వేయకూడదు.