పుస్తకంలోని పులుపు

జక్కరయ్య మాస్టారు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. విశాఖ రేవు దగ్గర ఒక హోటలు బారులో నలభై ఏళ్ళు పానీయాలు కలిపి, చేతులు వణకడం మొదలయ్యాక, కౌంటరు చివర కుర్చీ వేసుకుని శిష్యులకు పని నేర్పుతుండేవాడు. ఒక సాయంత్రం వాళ్ళలో ఒకరైన హైమావతి ఆయన్ను అడిగింది.

“మాస్టారూ, ఇది వందేళ్ళ నాటి పుస్తకం. ఇందులోని పానీయం తాగినవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు. నేను కలిపింది సరిగ్గా వచ్చిందో లేదో చెప్పేదెవరు?”

“ముందు కలుపు,” అన్నాడు ఆయన.

ఆమె ఆదుర్దాకు కారణం ఉంది. పాత జిన్ పానీయాల కోసం జనం వస్తారని మేనేజరుతో పోట్లాడి ఒప్పించింది. ఆ సాయంత్రం కలిపింది ఎవరికీ నచ్చకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదని ఆయన షరతు. నాలుగు నెలలుగా ఆమె ఆ పుస్తకంతోనే కాపురం చేసింది. జిన్ ఇంత, నిమ్మరసం ఇంత, పంచదార పాకం ఇంత. ఒక చుక్క అటూ ఇటూ పోనిచ్చేది కాదు.

మొదట ఇద్దరు లెక్చరర్లు వచ్చారు. ఆ పానీయం పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆమె నోట విని, ‘అద్భుతం’ అని మెచ్చుకుని, సగం సగం గ్లాసులు వదిలి వెళ్ళిపోయారు. హైమావతి మురిసిపోయింది. మాస్టారు మాత్రం గ్లాసుల వంక చూశాడు.

తర్వాత పైడిరాజు వచ్చాడు. ఓడల్ని రేవులోకి నడిపించుకొచ్చే పైలట్ ఆయన. పొద్దున్నించీ సముద్రం మీద ఎండలో ఉన్నాడు. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

“ఏమనుకోకమ్మా, పళ్ళు జివ్వుమన్నాయి.”

“పుస్తకంలో అలాగే ఉందండీ.”

“అయితే తప్పు నా నోటిదే అయ్యుంటుంది,” అని మర్యాదగా గ్లాసు పక్కకు జరిపాడు.

హైమావతికి తల కొట్టేసినట్టయింది. పానీయం కలిపిన షేకర్లో మిగిలింది గ్లాసులోకి వంచుకుని తాగింది. నిజమే, గొంతు దిగలేదు. పుస్తకం పుట్టిన దేశపు నిమ్మకాయ వేరు, పూర్ణా మార్కెట్ నిమ్మకాయ వేరు. ఈ నాలుగు నెలల్లో కొలతలు సరిచూసుకుందే గాని, దాహమేసినవాళ్ళు తాగినట్టు తనెప్పుడూ దాన్ని తాగలేదు.

పుస్తకం మూసేసింది. నిమ్మరసం తగ్గించి రుచి చూసింది. కాస్త పాకం పోసి మళ్ళీ చూసింది. చేతులు కొంకర్లు పోయేదాకా ఐసు వేసిన షేకర్ని ఆడించి, కొత్త గ్లాసు ఆయన ముందు పెట్టింది.

ఈసారి పైడిరాజు బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆ ఉదయం ఒక నూనె ఓడ రేవు ముఖద్వారంలో ఎలా మొరాయించిందో చెప్పడం మొదలుపెట్టాడు. కథ సగంలో ఉండగానే గ్లాసు ఖాళీ అయింది. “ఇంకోటి ఇయ్యమ్మా,” అని, ఆపిన చోటి నుంచి మళ్ళీ అందుకున్నాడు.

అది చూసి, ఆ పానీయం పేరు బారు పట్టికలో రాయమన్నాడు మేనేజరు. తీరా కలం పట్టుకున్నాక హైమావతి చెయ్యి ఆగింది. మాస్టారు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

“ఇది పుస్తకంలోది కాదు కదా మాస్టారూ! పాతదని ఏ మొహం పెట్టుకుని రాయను?”

“ఆ పుస్తకం రాసినాయన ఎదుట కూడా ఎవరో ఒకరు కూర్చుని మొహం చిట్లించే ఉంటారమ్మా,” అన్నాడు జక్కరయ్య మాస్టారు.