గవిని దగ్గర మూడుసార్లు అడిగారు

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్లో దేవుని ఆజ్ఞగా ఒక ఆచారం నడిచేది. కోతలప్పుడు పొలంలో రాలిన కంకులను రైతు ఏరుకోకూడదు. ఆ పరిగె విధవరాళ్లది, తండ్రిలేని పిల్లలది, పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లది.

దీనమ్మ పరాయి దేశం నుంచే వచ్చింది. భర్త పోయాడు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. ఆ ముగ్గురికీ ఏడాది పొడుగునా గంజి కాచుకోవడానికి పరిగె గింజలే ఆధారం.

జకరయ్య అనే మోతుబరి పొలంలో పరంజ్యోతి కోతల మేస్త్రి. మెత్తని మనసువాడు. దీనమ్మ ఎండలో నడుం వంచి ఒక్కొక్క కంకీ ఏరుతుంటే చూడలేకపోయాడు. కోస్తూ కోస్తూ ఆమె దారిలో గుప్పెడు వరి జారవిడిచేవాడు. సాయంత్రం తన కూలి గింజల్లో అంతకంతా జకరయ్య కుప్పకే వదిలేసేవాడు. ఆ సంగతి దీనమ్మకు కూడా చెప్పలేదు. మేలు చాటుగానే చెయ్యాలని అతని నమ్మకం. మంచి నమ్మకమే, నేను కాదనను.

కోతలు ముగిసిన రోజున జకరయ్య దీనమ్మ మూట విప్పించాడు. పరిగె అంటే విరిగినవీ రాలినవీ ఉండాలి. ఆ మూటలో కొడవలితో తెగిన నిండు కంకులు గుప్పిళ్లకొద్దీ ఉన్నాయి. నా కుప్పలోంచి దొంగిలించావన్నాడు.

తగవు ఊరి గవిని దగ్గరికి, అంటే ఊరి ముఖద్వారం దగ్గరికి వెళ్లింది. పెద్దలు ఆ వాకిట్లోనే కూర్చుని న్యాయం చెప్పేవారు. దిక్కులేనివాళ్లు వస్తే, వారి పక్షాన మాట్లాడేవారి కోసం మూడుసార్లు అడగడం అక్కడి పద్ధతి. ఎవరూ లేవకపోతే ఫిర్యాదు చేసినవాడి మాటే చెల్లేది.

"నేలమీద దొరికినవే ఏరుకున్నానయ్యా. ఎవరు వదిలారో నేనెరగను," అంది దీనమ్మ.

"ఈమె పక్షాన మాట్లాడేవారున్నారా?" అని అడిగాడు ఊరిపెద్ద.

పరంజ్యోతి చుట్టూ చూశాడు. ఇంతమందిలో ఎవరో ఒకరు లేవకపోతారా అనుకున్నాడు.

రెండోసారి అడిగారు. జకరయ్య అతనివైపే చూస్తున్నాడు. వచ్చే ఏడు మేస్త్రి పని ఉంటుందో ఊడుతుందో అని తల దించుకున్నాడు.

మూడోసారి అడిగారు. మాట నాలుక చివరిదాకా వచ్చింది, సగం లేచాడు కూడా. అంతలో, చేసిన మేలు పదిమందిలో చెప్పుకుంటే ఫలం పోతుందని ఒక సాకు దొరికింది. పిరికితనానికి సాకులు ఎంత తేలిగ్గా దొరుకుతాయో చూడండి. మళ్లీ కూర్చుండిపోయాడు.

ఇకమీదట ఈ ఊరి పొలాల్లో దీనమ్మ పరిగె ఏరకూడదని తీర్పయింది. మూట అక్కడే ఉంచేశారు. ఆమె ఏడవలేదు, ఎవరినీ నిందించలేదు. పిల్లల చేతులు పట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే పరంజ్యోతి గవిని దగ్గర నిలబడి ఉన్నదంతా చెప్పాడు. పెద్దలు సిగ్గుపడి తీర్పు వెనక్కి తీసుకున్నారు. అతను ఆ మూట నెత్తిన పెట్టుకుని దీనమ్మ గుడిసెకు పరుగెత్తాడు. తలుపు తీసే ఉంది. పొయ్యి చల్లారిపోయింది. ఏటి రేవుకు వెళితే, తెల్లవారుతూనే ముగ్గురినీ దాటించానన్నాడు పడవవాడు. ఎటు వెళ్లారని అడిగాడు పరంజ్యోతి.

"పరిగె ఏరుకోనిచ్చే ఊరు ఎక్కడుందని నన్నే అడిగిందయ్యా. ఏం చెప్పను? తెలియదన్నాను."

పరంజ్యోతి ఆ అవతలి ఒడ్డున చాలా ఊళ్లు తిరిగాడు. వాళ్లు కనబడక తిరిగొచ్చాడు. ఇక్కడ మేస్త్రి పని ఎలాగూ పోయింది. ఆ తరువాత గవిని దగ్గర ఎవరు ఒంటరిగా నిలబడినా, మొదటి పిలుపుకే లేచి వారి పక్కన నిలిచేవాడు. ఎందరికో న్యాయం జరిగింది. ఊరు మెచ్చుకుంది. మెచ్చుకున్నప్పుడల్లా అతను ఏటివైపు చూసి, "ఒక్కరోజు ఆలస్యంగా లేచానయ్యా," అనేవాడు.

పిల్లలూ, దిక్కులేనివారికి చాటుగా పెట్టిన గుప్పెడు గింజలు చాలవు. అవసరమైన వేళ నలుగురిలో వారి పక్షాన నోరు విప్పడమే న్యాయం.